ముందు చక్రం మార్చడం, వేగంలో వచ్చే హ్యాండిల్ వణుకును పోగొట్టడం

రాత్రిపూట పాకాల వైపు నుంచి తిరుపతికి వస్తూ ఒక గుంతలో పడినప్పుడు నా 150 సీసీ బండి ముందు అల్లాయ్ వీల్ అంచు వంగిపోయింది. అదే మోడల్ బండి నుంచి తీసిన పాత చక్రం ఒకటి దొరికితే కొని, పాత టైరునే దానికి ఎక్కించి, ఇంటి ముందు నేనే బిగించుకున్నాను. తర్వాతి ఆదివారం చంద్రగిరి దాటి పూతలపట్టు రోడ్డు మీద 70 కి.మీ. వేగం అందుకోగానే హ్యాండిల్ రెండు చేతుల్లోనూ కొట్టుకోవడం మొదలైంది. ఒక వర్క్‌షాపులో చూపించినప్పుడు కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే గోళీల బేరింగ్) నట్టును కొంచెం బిగించి పంపారు. వణుకు నిజంగానే తగ్గింది. కానీ ఆ తర్వాత తిరుమల ఘాట్ దిగుతుంటే ప్రతి మలుపులోనూ హ్యాండిల్ బిగుసుకుపోయి, నేను తిప్పాలనుకున్నంత తిరగక, బండి తెల్లగీత దాటి పక్క వరుసలోకి పోబోయింది. అసలు కారణం మూడు వారాల తర్వాత దొరికింది. టైరు బీడ్ (రిమ్మును పట్టుకునే అంచు) రిమ్ముపై ఒకచోట పూర్తిగా కూర్చోలేదు.

ఆ అనుభవం వల్లనే ఈ వ్యాసంలో కోన్ సెట్‌ను చివరికి ఉంచాను. దాన్ని బిగిస్తే హ్యాండిల్‌కు రాపిడి పెరిగి వణుకు పైకి కనిపించదు, కానీ వణుకు పుట్టించే లోపం చక్రంలో అలాగే ఉండిపోతుంది. ముందుగా చక్రం, టైరు, ఇరుసు, గాలి ఒక్కొక్కటిగా చూసి, ఒకసారికి ఒక్క మార్పే చేసి, నడిపి చూశాక మాత్రమే తర్వాతి దాని జోలికి వెళ్లాలి.

వణుకు ఎలాంటిదో ముందు గుర్తించాలి

స్టీరింగ్ తిరిగే గీతను ఊహలో నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటు కంటే కొంచెం ముందు పడుతుంది. ఆ రెండింటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. చక్రం పక్కకు తిరిగితే ఈ ట్రెయిల్ వల్లనే మళ్లీ నేరుగా వస్తుంది. అయితే అది నేరుగా వచ్చి ఆగక అవతలి వైపుకు దాటిపోయి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి వచ్చి, ఇలా అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే దాన్నే మెకానిక్కులు వాబ్లింగ్ అంటున్నారు. ఇది సాధారణంగా సెకనుకు ఆరు నుంచి పది సార్లు వస్తుంది, హ్యాండిల్‌లోనే స్పష్టంగా తెలుస్తుంది. ఇంకొక రకంలో హ్యాండిల్ అంతగా కదలదు, బండి మొత్తం వెనక భాగంతో సహా పాములా మెలికలు తిరుగుతుంది. అది సెకనుకు రెండు నుంచి నాలుగు సార్లే వస్తుంది, వేగంతో పాటు పెరుగుతుంది, దాని మూలం చాలాసార్లు వెనక చక్రంలోనో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) బుష్‌లోనో, వెనక కట్టిన బరువులోనో ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటిగా అనుకుని ముందు భాగాన్నంతా విప్పినవారు చాలామంది ఉన్నారు.

మూడవది బ్రేకు పట్టినప్పుడు మాత్రమే వచ్చే అదురు. ఘాట్ రోడ్డు దిగుతూ డిస్క్ బాగా వేడెక్కాక లీవర్‌లో తట్టుతట్టుగా తెలిసే ఈ అదురుకు డిస్క్ వంపో, మందంలో తేడానో కారణం. బ్రేకు వదిలితే అది పోతుంది కాబట్టి దాన్ని ఈ లెక్కలోకి తీసుకోకూడదు.

ఏ వేగంలో వస్తోందో రాసి పెట్టుకోవడం చాలా ఉపయోగపడుతుంది. 50 నుంచి 65 కి.మీ. మధ్య వచ్చి, ఆ వేగం దాటాక తగ్గిపోయే వణుకుకు చక్రం బ్యాలెన్స్ లేకపోవడమో, టైరు గుండ్రంగా లేకపోవడమో కారణం కావచ్చని ముందుగా అనుమానించాలి. ఎందుకంటే ఆ వేగంలో ముందు చక్రం సెకనుకు దాదాపు ఎనిమిది నుంచి పది చుట్లు తిరుగుతుంది, అంటే స్టీరింగ్ సహజంగా కొట్టుకునే లయతో చక్రం లయ కలిసిపోతుంది.

తెచ్చిన చక్రం బండికి సరిపోతుందా

పాత సామాన్ల దుకాణంలో చక్రం చూడగానే రిమ్ము మెరుపు చూసి మోసపోకూడదు. కొలవవలసినవి ఇరుసు మందం, బేరింగుల నంబరు, రెండు వైపులా స్పేసర్లతో (ఎడం నిలిపే చిన్న గొట్టాలతో) కలిపి హబ్ (చక్రం నడిమి భాగం) మొత్తం వెడల్పు, డిస్క్ వ్యాసం, ఫోర్క్ కాలి నుంచి డిస్క్ ఎంత దూరంలో నిలుస్తుందన్నది, స్పీడోమీటర్ గేరు పట్టే గాడి. బేరింగ్ నంబరు చూస్తే ఇరుసు మందం తెలుస్తుంది: 6300 అయితే లోపలి రంధ్రం 10 మి.మీ., 6301 అయితే 12, 6202 అయితే 15. ఇరుసు కొంచెం వదులైతే పల్చటి గొట్టం చొప్పించి సర్దుతామని చెప్పేవారి మాట ముందు చక్రం విషయంలో వినవద్దని గట్టిగా చెబుతున్నాను.

రిమ్ము సైజు మారితే నడక కూడా మారుతుంది. 2.75-18 (2.75 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల రిమ్ము) టైరు ఉన్న బండికి 2.75-17 చక్రం వేస్తే చక్రం చుట్టుకొలత నాలుగు శాతానికి కొంచెం పైగా తగ్గుతుంది. ముందు చక్రం నుంచి నడిచే స్పీడోమీటర్ ఆ మేరకు ఎక్కువ చూపిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, చక్రం వ్యాసార్ధం 12 మి.మీ.కు కొంచెం పైగా తగ్గడం వల్ల ట్రెయిల్ దాదాపు 6 మి.మీ. తగ్గుతుంది, ముందు భాగం కిందికి దిగినందువల్ల ఇంకాస్త తగ్గుతుంది. ఊళ్లో తిప్పడానికి బండి తేలికగా అనిపించినా, వేగంలో స్థిరత్వం పోతుంది. అందుకే కంపెనీ ఇచ్చిన సైజునే ఉంచాలి.

కొనే ముందు చక్రంలోకి ఇరుసు దూర్చి, రెండు చివర్లూ పట్టుకుని తిప్పించాలి. రిమ్ము అంచుకు దగ్గరగా ఒక పెన్ను కదలకుండా పట్టుకుని చూస్తే ఔట్, అంటే రిమ్ము ఊగుడు, ఎంత ఉందో కనిపిస్తుంది. పక్కకు గానీ పైకీ కిందికీ గానీ 2 మి.మీ. మించి ఊగితే చాలా మాన్యువళ్ల ప్రకారం ఆ చక్రం పనికిరాదు. స్పోక్ చక్రమైతే ఔట్ తీయించవచ్చు. అల్లాయ్ వీల్‌ను వేడిచేసి సుత్తితో కొట్టి సరిచేయిస్తే పైకి బాగానే కనిపించినా లోపల పగులు ఉండవచ్చు కాబట్టి, ముందు చక్రానికి అలాంటిది వాడకపోవడమే మంచిది.

విప్పేటప్పుడు

గట్టి నేల మీద సెంటర్ స్టాండు వేసి, వెనక భాగం మీద బరువు పెట్టి ముందు చక్రం లేపాలి, లేదా ఇంజిన్ కింద చెక్కదిమ్మ పెట్టాలి. సైలెన్సర్ గొట్టం ఇంజిన్ కిందుగా పోయే బండ్లలో ఆ గొట్టం మీద బరువు ఆనకుండా చూసుకోవాలి. ఇరుసు నట్టును మాత్రం చక్రం నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేసుకోవాలి; గాల్లో ఉన్న బండి మీద పొడుగు పానాతో బలం పెడితే బండి పడిపోతుంది.

ఏది ముందు తీసినా ఫోను తీసి రెండు వైపులా ఫొటోలు తీసుకోవాలి. ఏ స్పేసర్ ఎడమ వైపుదో, ఏది కుడి వైపుదో తర్వాత గుర్తుండదు, పొడవులో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉన్న స్పేసర్లు తారుమారైతే చక్రం ఫోర్క్ మధ్యలో నిలవదు. స్పీడోమీటర్ కేబుల్, డ్రమ్ బ్రేకు అయితే బ్రేకు కేబుల్ విప్పి, కాటర్ పిన్ ఉంటే తీసేసి, నట్టు తీసి, చక్రాన్ని కొంచెం పైకెత్తి పట్టుకుని ఇరుసును చెక్కతోనో రబ్బరు సుత్తితోనో తట్టాలి. ఇనుప సుత్తితో మర మీద కొడితే ఆ ఇరుసు చెడిపోయినట్టే.

డిస్క్ బ్రేకు బండిలో చక్రం బయటికి వచ్చాక లీవర్ నొక్కకూడదు. పిల్లలు ఆడుకునే చోటైతే ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క పెట్టి, లీవర్‌ను కట్టేయాలి. క్యాలిపర్ (ప్యాడ్లు ఉండే భాగం) విప్పవలసి వస్తే దాన్ని హోస్ మీద వేలాడదీయకుండా తీగతో ఫోర్క్‌కు కట్టాలి. తీసిన చక్రాన్ని డిస్క్ కింద పడేటట్టు నేల మీద పరచకూడదు.

ఇరుసును అద్దం పలక మీద దొర్లిస్తే వంపు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. 0.2 మి.మీ. మించి వంపు ఉంటే మార్చాలి. కింద సందు కనిపించిందంటే వంగినట్టే. బేరింగుల లోపలి వలయాన్ని వేలితో తిప్పి చూడాలి. గరగరమన్నా, తట్టు తగిలినా, ఇసుక పట్టినట్టు అనిపించినా రెండింటినీ కలిపి మార్చాలి. కొత్త బేరింగ్‌ను లోపలికి దించేటప్పుడు దెబ్బ బయటి వలయం మీదే పడాలి. సరిపోయే సాకెట్ పెట్టి తట్టితే చాలు. రెండు బేరింగుల మధ్య హబ్ లోపల ఒక గొట్టం ఉంటుంది. పాత చక్రాల్లో ఈ గొట్టం ఎక్కడో పోయి ఉండటం నేను స్వయంగా చూశాను. అది లేకుండా ఇరుసు బిగిస్తే లోపలి వలయాలు ఒకదానివైపు ఒకటి నొక్కుకుని, బేరింగులు కొద్ది రోజుల్లోనే పోతాయి, పైగా చక్రంలో ప్లే (వదులు కదలిక) వస్తుంది. చక్రం కొన్న రోజే దీన్ని చూసుకోవాలి.

టైరు, గాలి

టైరు పక్కగోడ మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటుంది, దాన్ని గమనించకుండా ఎక్కిస్తే మళ్లీ విప్పవలసిందే. పక్కగోడపై చిన్న అండాకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరంలో 23వ వారంలో తయారైన టైరు. ఐదారేళ్లు దాటి పక్కగోడల్లో పగుళ్లు కనిపించే టైరును గాట్లు లోతుగా ఉన్నా ముందు చక్రానికి వాడవద్దు. గాట్ల మధ్య అరుగుదల గుర్తులు పైకి తేలినా, గాట్ల అంచులు మెట్లు మెట్లుగా అరిగినా, ఆ టైరే వణుకు పుట్టిస్తుంది, దాన్ని ఉంచుకుని మిగతావన్నీ సరిచేసినా ఫలితం ఉండదు.

ఎక్కించేటప్పుడు బీడ్‌కు సబ్బునీళ్లు రాసి, పక్కగోడపై ముద్రించిన గరిష్ఠ ఒత్తిడిని మించకుండా గాలి పట్టి, ఒకసారి గాలి తీసి మళ్లీ పట్టాలి. టైరు పక్కగోడ మీద రిమ్ముకు దగ్గరగా చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీతకూ రిమ్ము అంచుకూ మధ్య ఎడం చుట్టూ ఒకేలా ఉండాలి. నా బండిలో ఆ గీత ఒక జానెడు మేర రిమ్ము లోపలికి మునిగిపోయి ఉంది. అంతే, అక్కడ టైరు రెండు మిల్లీమీటర్ల పల్లంగా తిరుగుతోంది. పంక్చర్ షాపులో నిలబడి ఈ గీతను చూసుకోవడానికి ఒక నిమిషం చాలు.

గాలి చల్లగా ఉన్న టైరులోనే కొలవాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండలో నిలిపి ఉంచిన బండి టైరులో గాలి చూస్తే సరైన లెక్క రాదు, ఎందుకంటే టైరులోని గాలి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి ఒక పీఎస్‌ఐకి పైగా పెరుగుతుంది. తెల్లవారుజామున, బండి మీద అతికించిన పట్టీలో ఉన్న అంకె ప్రకారం పట్టించుకోవాలి. వెనక ఒకరు కూర్చుంటే వెనక చక్రానికి వేరే అంకె ఉంటుంది, దాన్ని కూడా పాటించాలి.

బ్యాలెన్సింగ్

ఈ పనిని చాలామంది కార్లకే అనుకుంటారు. 17 అంగుళాల రిమ్ము మీద ఒకచోట 20 గ్రాముల అదనపు బరువు ఉంటే, 80 కి.మీ. వేగంలో అది ఇరుసును దాదాపు రెండున్నర కిలోల బలంతో సెకనుకు 12 సార్లు చుట్టూ లాగుతుంది. 40 కి.మీ. దగ్గర ఆ బలం నాలుగో వంతే కాబట్టి ఊళ్లో మనకు తెలియదు. మెషిన్ లేకపోయినా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇరుసును సమానమైన ఎత్తున్న రెండు స్టూళ్ల మీద పెట్టి, దుమ్ము సీళ్లు తీసేసి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పి వదలాలి. ఆగిన చోట కింద ఉన్నది బరువైన భాగం, దానికి సరిగ్గా పైన సుద్దతో గీత పెట్టాలి. నాలుగైదు సార్లు ఒకే చోట ఆగితే సుద్ద గీత దగ్గర ఐదు గ్రాముల అంటింపు బరువులు ఒక్కొక్కటి టేపుతో పెట్టి చూస్తూ పోవాలి. ఎక్కడ వదిలినా అక్కడే నిలిచే దాకా సర్ది, ఆ తర్వాత రిమ్మును శుభ్రంగా తుడిచి బరువులను గట్టిగా అంటించాలి. 60 గ్రాములకు మించి అవసరమైతే బరువులు పెంచుకుంటూ పోకుండా టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడాలి.

బిగించేటప్పుడు

ఇరుసును తుడిచి పల్చగా గ్రీజు రాసి, స్పేసర్లను ఫొటోలో ఉన్నట్టే పెట్టి, స్పీడోమీటర్ గేరు కొక్కెం గాడిలో పడిందో లేదో చూసుకుని చక్రం ఎక్కించాలి. డ్రమ్ బ్రేకు బండిలో బ్రేకు పలక మీది గాడి ఫోర్క్ కాలి మీద ఉన్న ఉబ్బులో తప్పనిసరిగా కూర్చోవాలి. అది తప్పితే బ్రేకు పట్టగానే పలక చక్రంతో పాటు తిరిగి, కేబుల్ తెగి, చక్రం పట్టేసుకుంటుంది. మొత్తం పనిలో ప్రాణాపాయం ఉన్న తప్పుల్లో ఇదొకటి కాబట్టి బిగించాక కూడా మరోసారి కళ్లతో చూడాలి.

నట్టును మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బిగింపు బలానికి), దాన్ని కొలిచే టార్క్ పానాతో బిగించాలి. పాత పుస్తకాల్లో కేజీ-మీటర్లలో ఉంటే దాన్ని 9.8తో హెచ్చిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. ఇరుసు చివర ఫోర్క్ కాలిని నొక్కిపట్టే చిన్న బోల్టు ఉన్న బండ్లలో, ముందు ఇరుసు నట్టు బిగించి, బండిని నేల మీదికి దించి, బ్రేకు పట్టి ముందు భాగాన్ని నాలుగైదు సార్లు గట్టిగా కిందికి నొక్కి, ఆ తర్వాతే ఆ చిన్న బోల్టును బిగించాలి. ఇలా చేస్తే ఫోర్క్ కాళ్లు తమ సహజమైన ఎడంలో నిలుస్తాయి. డిస్క్ బండిలో లీవర్ గట్టిపడే దాకా పంపు చేయకుండా ఒక్క అడుగు కూడా కదలకూడదు.

ఇంకా వణుకుతుంటే

ఇప్పుడు ఫోర్క్ వైపు చూడాలి. ఎప్పుడైనా పడిన బండిలో చక్రం నేరుగా ఉన్నా హ్యాండిల్ కొంచెం పక్కకు చూస్తుంది. అప్పుడు ఇరుసూ, కింది క్లాంపు బోల్టులూ వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ నేరుగా తెచ్చి, ఫోర్క్ నొక్కి వదిలి మళ్లీ బిగించాలి. ఒక ఫోర్క్ కాలి నుంచి నూనె కారుతుంటే రెండింటి సీళ్లూ నూనే కలిపి మార్పించాలి.

వెనక చక్రం ముందు చక్రానికి సూటిగా ఉందో లేదో చూడటానికి తాపీ మేస్త్రీలు వాడే నూలుతాడు చాలు. దాన్ని వెనక టైరు చుట్టూ వేసి రెండు వైపులా ముందుకు లాగి, ఆ వెనక టైరు ముందు అంచును కూడా తాడు తాకేటట్టు పట్టుకుంటే, ముందు టైరుకు రెండు పక్కలా సమానమైన సందు కనిపించాలి. చైన్ బిగించేటప్పుడు స్వింగ్ ఆర్మ్ మీది గుర్తులను మాత్రమే నమ్మితే ఈ తేడా వస్తుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాక కోన్ సెట్‌కు రావాలి. ముందు చక్రం గాల్లో ఉండగా ఫోర్క్ కాళ్ల కింది చివర్లు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్కుమన్న ప్లే తెలిస్తే అది వదులుగా ఉంది. హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో గాడిలో పడినట్టు ఆగితే, గోళీలు కోన్‌లో గుంటలు పెట్టాయి. ఎంత బిగించినా లాభం లేదు, గోళీలతో సహా మొత్తం సెట్టు మార్చాలి. సరైన బిగువు ఎలా ఉంటుందంటే, ప్లే ఏమాత్రం ఉండకూడదు, అయినా మధ్యలో ఉన్న హ్యాండిల్‌ను వేలితో కొంచెం నెడితే దానంతటదే ఒక పక్కకు వాలిపోవాలి. వాలకపోతే అతిగా బిగించారు, అలాంటి బండి నెమ్మదిగా పోతున్నప్పుడు నేరుగా నడవక అటూ ఇటూ తూలుతుంది.

బరువు సంగతి కూడా చెప్పాలి. మన జిల్లాల్లో తెల్లవారుజామున పాల క్యాన్లు రెండు పక్కలా వేలాడదీసుకుని పాలకేంద్రాలకు వెళ్లే బండ్లు ఎన్నో. ఆ బరువంతా వెనక ఇరుసుకు ఆవల ఉండటం వల్ల ముందు చక్రం మీద భారం తగ్గి, ఏ లోపమూ లేని బండి కూడా 60 దాటగానే ఊగుతుంది. క్యాన్లను వీలైనంత ముందుకూ కిందికీ, రెండు పక్కలా సమానంగా, ఊగకుండా బిగించి కట్టుకోవాలి. వెనక పెట్టె బిగించుకుని దూరప్రయాణం చేసేవారికీ ఇదే వర్తిస్తుంది.

పరీక్షించి చూడటం

పరీక్షకు ఘాట్ రోడ్డు పనికిరాదు. ఉదయం రద్దీ లేని సమయంలో, ఎదురుగాలి లేనప్పుడు, తిన్నగా ఉన్న నాలుగు వరుసల రహదారి మీద, పెట్టెలన్నీ తీసేసి, హెల్మెట్ పెట్టుకుని, 40 నుంచి పదేసి కి.మీ. పెంచుకుంటూ 80 వరకు వెళ్లాలి. అక్కడ ద్విచక్ర వాహనాలకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం కూడా అదే. హ్యాండిల్‌ను తేలికగా పట్టుకుంటే చాలు, చేతులు వదిలి చూడటం చాలా ప్రమాదం.

వణుకు ఒక్కసారిగా వస్తే హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవద్దు, ముందు బ్రేకు పట్టవద్దు, వేగం పెంచి దాటిపోదామనీ చూడవద్దు. మోకాళ్లతో ట్యాంకును అదిమిపట్టి, ఒంటిని కొంచెం ముందుకు వంచి, యాక్సిలరేటర్‌ను నిదానంగా తగ్గిస్తూ వేగాన్ని దానంతట తగ్గనివ్వాలి. ఆగిన తర్వాత ఆ రోజుకు పరీక్ష ఆపి, చక్రం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

వణుకు లేకుండా ఇంటికి చేరితే మరుసటి రోజు ఉదయం ఇరుసు నట్టును టార్క్ పానాతో ఒకసారి చూసుకోవాలి. స్పోక్ చక్రమైతే 500 కి.మీ. తర్వాత ప్రతి స్పోకునూ చిన్న పానాతో తట్టి వినాలి. మిగతావాటితో కలవక మొద్దుగా మోగినది వదులైనట్టు, దాన్ని పావు చుట్టు బిగించి మళ్లీ ఔట్ చూడాలి.